ప్లగ్గు రంగు చూసి మిశ్రమం చెప్పడం: పింగాణీ తెల్లగా ఉంటే నిజంగా లీనేనా (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువేనా)?

రీబోర్100

యమహా ఆర్‌ఎక్స్ 100 టూ స్ట్రోక్ ఇంజన్. 0.50 ఓవర్‌సైజు పిస్టన్‌తో రీబోర్ అయి 600 కి.మీ. తిరిగింది. ఆటోల్యూబ్ పంపు (ఆయిలుని దానంతట అదే కలిపేది) తీసేశారు, ఆయిలు ట్యాంకులోనే లీటరుకు 30 మి.లీ. కలుపుతున్నాను. ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు కంపెనీవే.

ప్లగ్గు తీసి చూస్తే మధ్య పింగాణీ దాదాపు తెల్లగా ఉంది. చుట్టూ ఉన్న ఇనప అంచు మాత్రం నల్లగా, కాస్త జిడ్డుగా ఉంది. ఎక్స్‌లేటర్ వదిలేశాక ఇంజన్ వెంటనే దిగదు. రెండు మూడు సెకన్లు పైనే ఉండి అప్పుడు ఐడ్లింగ్‌కి వస్తుంది.

మెయిన్ జెట్టు (కార్బురేటర్లో పెట్రోలు వదిలే ముఖ్యమైన రంధ్రం) రెండు సైజులు పెంచమని మెకానిక్ సలహా. కాఫీపొడి రంగు వచ్చేదాకా పెంచుకుంటూ పోవాలా? తెల్ల పింగాణీ, నల్ల అంచు, ఈ రెంటిలో దేన్ని నమ్మాలి?

సూదిక్లిప్పు

ముందు ప్లగ్గు ఎలా తీశారో చెప్పండి. ఊళ్ళో నాలుగు సిగ్నళ్ళు దాటి వచ్చి, గుమ్మం ముందు ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచి, అప్పుడు ఆపి తీశారా? అలా అయితే ఆ ప్లగ్గు మెయిన్ జెట్టు గురించి ఒక్క ముక్కా చెప్పదు. ఇంజన్ ఏ స్థితిలో ఎక్కువసేపు నడిచి, ఏ స్థితిలో ఆగిందో ఆ మచ్చే దాని మీద ఉంటుంది.

ప్లగ్గు మీద రంగు ఒక చోట చూసేది కాదు, నాలుగు చోట్ల చూసేది. నాలుగూ నాలుగు వేర్వేరు సంగతులు చెబుతాయి.

పింగాణీ కొస: ఇది ముఖ్యంగా వేడి సంగతి చెబుతుంది. సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితే మసి దానంతట అదే కాలిపోతుంది. కాబట్టి పెట్రోలు కొంచెం ఎక్కువైనా, ప్లగ్గు వేడెక్కి ఉంటే కొస శుభ్రంగానే కనిపిస్తుంది. అందరూ చూసేది ఇదే, అందరూ పొరబడేదీ ఇక్కడే.

పింగాణీ అడుగు: లోపల, ఇనప తొడుగులోకి దిగిపోయే చోటు. పింగాణీలో అన్నిటికన్నా చల్లగా ఉండేది ఇదే. ఫుల్ థ్రాటిల్ మీద (ఎక్స్‌లేటర్ పూర్తిగా తిప్పినప్పుడు) మిశ్రమం ఎలా ఉందో చెప్పే సన్నని మసి వలయం ఇక్కడ పడుతుంది. టార్చి, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం లేకుండా కనిపించదు. అసలు వలయమే లేకుండా అడుగుదాకా తెల్లగా ఉంటే గాలి ఎక్కువ. లేత గోధుమ లేదా బూడిద రంగులో పలచటి వలయం ఉంటే బాగున్నట్టు. నల్లగా, వెడల్పుగా, పింగాణీ మీదికి ఎగబాకి ఉంటే పెట్రోలు ఎక్కువ.

వంపు ఎలక్ట్రోడ్: దీని మీది రంగు మారిన గీత ప్లగ్గు హీట్ రేంజి (ప్లగ్గు వేడిని ఎంత తొందరగా వదిలించుకుంటుందన్నది) గురించి, స్పార్కు టైమింగ్ గురించి చెబుతుంది. మిశ్రమం గురించి కాదు.

ఇనప అంచు: ఐడ్లింగ్, చిన్న థ్రాటిల్ కథ. టూ స్ట్రోక్‌లో ఆయిలు కూడా కాలుతుంది కాబట్టి ఇది నల్లగా ఉండటం మామూలే. మీ నల్ల అంచుని చూసి కంగారు పడక్కర్లేదు.

మీ వివరాల్లో నాకు అనుమానంగా తోచింది తెల్ల పింగాణీ కాదు. ఎక్స్‌లేటర్ వదిలాక ఇంజన్ దిగకపోవడం.

పాతపానా

కాఫీపొడి రంగు మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే సగం గొడవ తీరుతుంది బాబూ. అది సీసం కలిపిన పెట్రోలు కాలం నాటి లెక్క. సీసం, దానితో పాటు కలిపే ఇతర రసాయనాలు కాలి, పింగాణీ మీద గోధుమ రంగు పూత పెట్టేవి. మిశ్రమం కుదిరితే ఆ పూత సరిగ్గా కాఫీ రంగులో నిలిచేది. మన దేశంలో సీసం లేని పెట్రోలు 1995లో మహానగరాల్లో మొదలైంది, 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటా అదే అయింది. రంగు పెట్టే సరుకే పెట్రోల్లోంచి పోయాక, కాఫీ రంగు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇప్పటి పెట్రోలుతో సరిగ్గా కుదిరిన ఫోర్ స్ట్రోక్ ప్లగ్గు పాలిపోయిన గోధుమ, లేత బూడిద, ఒక్కోసారి మురికి తెలుపు. టూ స్ట్రోక్‌లో ఆయిలు ఉంది గనక కాస్త ముదురు. ఇప్పుడు కాఫీ రంగు కోసం జెట్టు పెంచుకుంటూ పోతే, రంగు వచ్చేసరికి మిశ్రమం బాగా రిచ్ (పెట్రోలు ఎక్కువ) అయిపోయి ఉంటుంది. పాత పుస్తకాల్లోని రంగుల బొమ్మలు చూసి ఇప్పటి ప్లగ్గుకి తీర్పు చెప్పకూడదు.

ఓరుగల్లు_గేరు

అన్నా, అంతా మంచిగనే చెప్తున్నరు. కానీ నల్లగుంటే బండి నడుస్తది, తెల్లగైతే పిస్టన్ పోతది. గందుకే రెండు సైజులు రిచ్ పెట్టుకుంటే నష్టమేంది?

సూదిక్లిప్పు

నష్టం ఉంది తమ్ముడూ. రీబోర్ అయిన కొత్తలో మరీ ఎక్కువ. కాలని పెట్రోలు సిలిండర్ గోడ మీది ఆయిలు పొరని కడిగేస్తుంది, రింగులు బోర్‌కి అమరాల్సిన టైములో అరుగుతాయి. ఎగ్జాస్ట్ పోర్టులో, సైలెన్సర్ లోపలి గొట్టంలో మసి కడుతుంది. ఆ మసి పేరుకున్న కొద్దీ పికప్ పోతుంది, అప్పుడు మళ్ళీ కార్బురేటర్ మీదే పడతాం. ఐడ్లింగ్‌లో ప్లగ్గు తడిసిపోయి పొద్దున్నే కిక్కులు కొట్టాల్సి వస్తుంది.

అన్నిటికన్నా పెద్ద నష్టం ఇంకొకటి. ఎక్కడో గాలి దొంగతనంగా లోపలికి పోతోందనుకోండి. జెట్టు పెంచితే ఆ లక్షణం కొంత కప్పబడిపోతుంది. చీలిక మాత్రం రోజురోజుకీ పెద్దదవుతూనే ఉంటుంది.

ఒక మెట్టు రిచ్‌గా ఉంచడం మంచిదే, అందులో తగాదా లేదు. కొలిచి, తెలిసి ఉంచాలి.

గేజుపెట్టె

మెయిన్ జెట్టు మీద తీర్పు చెప్పాలంటే ప్లగ్ చాప్ చేయాల్సిందే. వేరే దారి లేదు. పద్ధతి రాస్తున్నాను.

పాత ప్లగ్గుతో ఇంజన్‌ని పది పదిహేను నిమిషాలు నడిపి బాగా వేడెక్కించాలి. చోక్ పూర్తిగా ఆఫ్‌లో ఉందో లేదో చేత్తో చూడాలి. సగం పనిచేస్తున్న చోక్‌తో చేసిన పరీక్ష చెత్తబుట్టకే. ట్యాంకులో రోజూ వాడే పెట్రోలే, రోజూ కలిపే ఆయిలే ఉండాలి.

తర్వాత ఖాళీగా ఉన్న చోట ఆపి, కొత్త ప్లగ్గు బిగించాలి. కొత్తదే ఎందుకంటే, పాత మచ్చల మీద కొత్త మచ్చ చదవలేం. హీట్ రేంజి బండి పుస్తకంలో ఉన్నదే కావాలి. గ్యాప్ ఫీలర్ గేజుతో చూసుకోండి, పుస్తకంలో ఉన్న అంకెకి సరిపోవాలి. పెట్టెలోంచి తీసిన ప్లగ్గు గ్యాప్ సరిగ్గానే ఉంటుందని అనుకోవద్దు, కింద పడి వంగినవి కూడా వస్తాయి.

ఇప్పుడు మూడో గేరులో, వీలైతే ఎత్తు ఎక్కే దారిలో, ఎక్స్‌లేటర్ పూర్తిగా తిప్పి పట్టుకోవాలి. ఇంజన్ మీద బరువు పడటం ముఖ్యం. న్యూట్రల్‌లో రేజ్ చేస్తే ఫలితం ఏమీ రాదు. పది పదిహేను సెకన్లు అలా లాగాక, ఎక్స్‌లేటర్ తగ్గించకుండానే, క్లచ్ పట్టడం, ఇంజన్ ఆపడం రెండూ ఒకే క్షణంలో జరగాలి. ఇంజన్ ఆగిపోయాక ఎక్స్‌లేటర్ వదిలేయండి. బండి దానంతట అదే దొర్లి ఆగుతుంది. మళ్ళీ స్టార్ట్ చేయకండి. ఆ ఒక్క కిక్కుతో, అర నిమిషం ఐడ్లింగ్‌తో, చేసినదంతా చెరిగిపోతుంది.

ఒక్కసారి లాగితే అడుగు వలయం సరిగ్గా పడదు, సీసం లేని పెట్రోలుతో అది చాలా మెల్లగా వస్తుంది. ఇదే లాగుడు నాలుగైదుసార్లు చేసి, ప్రతిసారీ ఇలాగే ఆపి, చివర్లో ప్లగ్గు తీస్తే నమ్మదగిన గుర్తు కనిపిస్తుంది. లాగుడికీ లాగుడికీ మధ్య బండిని తోసుకుని వెనక్కి రావాలి, అందుకే తోడు మనిషి ఉంటే మేలు.

ఇంజన్ కాస్త చల్లారాకే ప్లగ్గు విప్పండి. అల్యూమినియం హెడ్డు కాలుతున్నప్పుడు పానా వేస్తే మరలు లాక్కొచ్చేస్తాయి. విప్పే ముందు చుట్టూ ఉన్న దుమ్ము ఊదెయ్యాలి, లేకపోతే అది నేరుగా సిలిండర్లోకే.

ఓరుగల్లు_గేరు

హైవే మీద స్పీడ్‌ల ఉన్నప్పుడు ఇంజన్ బంద్ చేసుడు డేంజర్ కాదా? ఎనకాల లారీ ఉంటే?

గేజుపెట్టె

ప్రమాదమే. అందుకే టాప్ గేరు అనలేదు, మూడో గేరు ఎత్తు దారి అన్నాను. వేగం తక్కువలోనే ఇంజన్ మీద పూర్తి బరువు పడుతుంది. వాహనాలు తిరగని దారి, తెల్లవారుజాము, హెల్మెట్, వెనక చూసే తోడు మనిషి, ఇవన్నీ కుదిరితేనే చేయండి. కుదరకపోతే మానెయ్యడం మంచిది.

కిల్ స్విచ్ లేని బండి అయితే తాళంతో ఆపాలి. ఆఫ్ దగ్గర ఆగాలి, తాళం బయటికి లాగొద్దు. ఇంకో మెట్టు తిరిగి హ్యాండిల్ లాక్ పడే బండ్లు ఉన్నాయి. ఆగి ఉన్నప్పుడే రెండు మూడుసార్లు చేత్తో సాధన చేసుకోండి. క్లచ్ పట్టకుండా టూ స్ట్రోక్‌ని అలా ఆపితే ఇంకో తంటా: ఇంజన్ చక్రంతో పాటు తిరుగుతూ కాలని పెట్రోలు ప్లగ్గు మీద చల్లుతుంది, లీన్ మిశ్రమం కూడా రిచ్‌లా కనిపిస్తుంది.

జంటప్లగ్గు

మధ్యలో దూరుతున్నా, క్షమించండి. 150 సీసీ ఫోర్ స్ట్రోక్, ఒకే సిలిండర్‌కి రెండు ప్లగ్గులున్న కార్బురేటర్ బండి. ఒక ప్లగ్గు లేత గోధుమ, రెండోది పొడిగా నల్ల మసి. ఇది రిచ్ అనుకోవాలా, సరిగ్గా ఉందనుకోవాలా?

లాంబ్డా

మీ బండిలో సమాధానం కళ్ళెదుటే ఉంది. రెండు ప్లగ్గులూ ఒకే గదిలో, ఒకే మిశ్రమంలో మండుతున్నాయి. ఒకటి గోధుమ, ఒకటి నలుపు అంటే తేడా మిశ్రమంలో లేదు, మంటలో ఉంది. నల్లగా ఉన్న ప్లగ్గు సరిగ్గా మండటం లేదు.

రెండు ప్లగ్గులనూ ఒకదాని చోట ఒకటి వేసి 50 కి.మీ. నడపండి. నలుపు ప్లగ్గుతో పాటు వెళ్ళిందా, ప్లగ్గుదే తప్పు. నలుపు అదే చోట ఉండిపోయిందా, ఆ వైపు క్యాపు, వైరు, కాయిల్ చూడాలి. ప్లగ్గు క్యాపు విప్పి మల్టీమీటర్‌తో కొలవండి, రెసిస్టర్ ఉన్న క్యాపులు మామూలుగా 5 కిలో ఓమ్‌ల దగ్గర చూపిస్తాయి. పదుల కిలో ఓమ్‌లు చూపించినా, అంకె నిలవకుండా ఊగినా, క్యాపు మార్చెయ్యండి. వైరు కొస పచ్చబారి ఉంటే ఒక అర అంగుళం కోసి, మళ్ళీ క్యాపు తిప్పి బిగించండి.

రెండు ప్లగ్గులకీ కొంచెం తేడా సహజమే, ఇన్లెట్ వాల్వు వైపుది చల్లగా ఉంటుంది. కానీ గోధుమకీ నల్ల మసికీ మధ్య ఉన్నంత తేడా సహజం కాదు.

పాతపానా

నలుపు అంటే రిచ్ అనే మాట వినగానే జెట్టు మీద చేయి వేసే ముందు ఇవి చూడాలి. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయిందా. చోక్ కేబులు పూర్తిగా వెనక్కి వస్తోందా. ఫ్లోట్ సూది అరిగి, గిన్నెలో పెట్రోలు మట్టం పెరిగిందా (ఇదైతే అన్ని థ్రాటిల్ స్థానాల్లోనూ రిచ్ చేస్తుంది). బండి రోజూ రెండు కిలోమీటర్లు మాత్రమే తిరుగుతోందా. ప్లగ్గు మరీ చల్లరకమా.

పొడి నలుపు, తడి నలుపు వేరు. వేలితో రుద్దితే పౌడర్‌లా ఊడితే పెట్రోలు మసి. జిడ్డుగా మెరిస్తే ఆయిలు. ఫోర్ స్ట్రోక్‌లో అది రింగుల నుంచో వాల్వు సీళ్ళ నుంచో వస్తుంది. టూ స్ట్రోక్‌లో కలిపే ఆయిలు ఎక్కువైనా రావచ్చు. గేరు వైపు క్రాంకు సీలు పోయి, ఇంజన్ గేరు ఆయిలుని లోపలికి పీల్చుకుంటున్నా రావచ్చు. తెల్ల పొగ ఆగకుండా వస్తూ, గేరు ఆయిలు మట్టం తగ్గిపోతుంటే ఈ రెండోదే.

ఇంకో సంగతి. పైన తెల్ల పింగాణీ బయటి భాగంలో, ఇనప తొడుగుకి ఆనుకుని ఒక గోధుమ పట్టీ కనిపిస్తుంది. దాన్ని చూసి గ్యాసు లీకు అని ప్లగ్గు పారేసే వాళ్ళున్నారు. అధిక వోల్టేజి వల్ల గాల్లోని ఆయిలు రేణువులు అంటుకున్న మరక అది. ఏమీ కాదు.

రీబోర్100

చాలా విషయాలు తెలిశాయండి. ప్లగ్గు ఇంటి ముందు ఆపాకే తీశాను, చాప్ చేయలేదు. ఇప్పుడు రెండు సందేహాలు. ప్లగ్గు మీద బీపీ7హెచ్‌ఎస్ అని ఉంది, కొంత మంది 8 వేయమంటున్నారు. మరి ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్లే ఇలా తెల్లబడుతోందా?

సూదిక్లిప్పు

మొదటి దానికి నేను చెబుతాను. ఎన్‌జీకే కోడులో బీ అంటే 14 మి.మీ. మర వ్యాసం, పీ అంటే పింగాణీ కొస ముందుకి పొడుచుకు వచ్చిన రకం, 7 హీట్ రేంజి, హెచ్ అంటే 12.7 మి.మీ. మర పొడవు, ఎస్ మామూలు రాగి నడుము. ఎన్‌జీకేలో అంకె పెరిగితే ప్లగ్గు చల్లబడుతుంది. బాష్‌లో తలకిందులు, అంకె తగ్గితే చల్లనిది. ఒక కంపెనీది తీసి ఇంకో కంపెనీది వేసేటప్పుడు అంకె చూసి వేసి పొరబడేది ఇక్కడే.

హెచ్ ఉన్న చోట 'ఈ' అక్షరం ఉన్న ప్లగ్గు వేయడానికి మాత్రం ఎప్పుడూ ప్రయత్నించకండి. 'ఈ' అంటే 19 మి.మీ. మర పొడవు, మిగిలిన ఆరు మిల్లీమీటర్లూ లోపల పిస్టన్‌కి తగిలేలా పొడుచుకు వస్తాయి.

హీట్ రేంజి సరైందా కాదా అన్నది వంపు ఎలక్ట్రోడ్ చెబుతుంది. దాని మీద మెరుపు పోయి, రంగు మారిన గీత ఒకటి కనిపిస్తుంది. అది వంపు దగ్గర, సుమారు మధ్యలో ఉంటే సరిపోయింది. కొసనే ఆగిపోతే ప్లగ్గు చల్లగా ఉంది. వెల్డు దాకా దిగితే వేడెక్కిపోతోంది, లేదా టైమింగ్ ముందుకు ఉంది. మీరు 8కి మారితే ఒక చిక్కు ఉంది: పింగాణీ కొస వేడి తగ్గి మసి నిలుస్తుంది, రంగు ముదురుతుంది, మిశ్రమం బాగుపడిందనుకుంటారు. మిశ్రమం ఇసుమంత కూడా మారలేదు. జెట్టు తేల్చేదాకా ప్లగ్గు మార్చకండి.

లాంబ్డా

ఇథనాల్ సంగతి. ఇది రెండు రకాలుగా పనిచేస్తుంది, రెంటినీ కలిపి చూస్తే గందరగోళమే.

మొదటిది నిజంగా లీన్ కావడం. శుద్ధ పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువు లెక్కన 14.7 వంతుల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 వంతులే చాలు, దానిలోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి. ఈ20లో (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలులో) లెక్క సుమారు 13.5 దగ్గరికి వస్తుంది. అంటే అదే జెట్టు, అదే గాలి ఉన్నా, మిశ్రమం ఏడెనిమిది శాతం లీన్ వైపు జరుగుతుంది. ఇంజెక్షన్ బండిలో ఆక్సిజన్ సెన్సర్ ఇది పట్టుకుని ఇంజెక్టరు తెరిచే సమయం పెంచుతుంది. కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు. కొన్ని కార్బురేటర్లు కంపెనీ నుంచే కాస్త రిచ్‌గా వచ్చేవి, వాటికి ఈ తేడా ఇముడుతుంది. లీన్ అంచున ఉన్న బండికి ఇమడదు.

రెండోది రంగు. ఇథనాల్ శుభ్రంగా కాలుతుంది, మసి తక్కువ. కాబట్టి మిశ్రమం సరిగ్గా ఉన్నా ప్లగ్గు ఇంకా పాలిపోయి కనిపిస్తుంది. తెలుపు మాత్రం చూసి లీన్ అనడం ఇప్పుడు మునుపటికన్నా పెద్ద పొరపాటు.

ఏడెనిమిది శాతం సరిచేయాలంటే జెట్టు ఎంత పెంచాలన్నది ఆ జెట్టు అంకె దేన్ని చెబుతుందో చూసి లెక్కేయాలి. అంకె ప్రవాహాన్ని చెప్పే రకమైతే 100 నుంచి 107.5. అంకె రంధ్రం వ్యాసాన్ని చెప్పే రకమైతే 100 నుంచి 104 దగ్గర, ఎందుకంటే ప్రవాహం వ్యాసం వర్గంతో పెరుగుతుంది. ఒక రకం జెట్టు తీసి ఇంకో రకం వేసి, అంకెలు పోల్చకండి. పిన్నీసుతో పొడిచి పెద్దది చేయడం అసలే వద్దు. ఇత్తడి మెత్తన, రంధ్రం గుండ్రం పోయాక అది ఏ సైజో ఎవరూ చెప్పలేరు.

ఓరుగల్లు_గేరు

లాంబ్డా అన్నా, గింత కష్టం ఎందుకు? సైలెన్సర్‌కి వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెడితే అంకె సూటిగ వస్తది కదా.

లాంబ్డా

ఫోర్ స్ట్రోక్‌కి అదే మంచి దారి, వాదించను. టూ స్ట్రోక్‌లో ఒక ఇబ్బంది ఉంది. పోర్టులు తెరిచి ఉన్న సమయంలో కొంత తాజా మిశ్రమం కాలకుండానే ఎగ్జాస్ట్‌లోకి జారిపోతుంది, దాంతో పాటు ఆక్సిజన్ కూడా. సెన్సర్ ఆ ఆక్సిజన్‌ని చూసి, ఉన్నదానికన్నా లీన్‌గా చూపిస్తుంది. పైగా ఆయిలు పొగ సెన్సర్‌ని తొందరగా పాడు చేస్తుంది. అందుకే టూ స్ట్రోక్ దగ్గర ప్లగ్గు చదవడం, వాష్ చూడటం ఇంకా బతికే ఉన్నాయి. వాష్ అంటే పిస్టన్ తల మీద ట్రాన్స్‌ఫర్ పోర్టుల దగ్గర మసి లేకుండా కడిగినట్టుండే భాగం. హెడ్డు విప్పినప్పుడు చూడండి, కడిగిన భాగం అసలే లేకపోతే లీన్, మరీ పెద్దగా ఉంటే రిచ్.

ఫోర్ స్ట్రోక్ వాళ్ళకి ఇంకో చవకైన దారి: పొల్యూషన్ చెక్ దగ్గర వచ్చే చీటీలో కార్బన్ మోనాక్సైడ్ శాతం ఉంటుంది. అది ఐడ్లింగ్ మిశ్రమం గురించి ప్లగ్గు కన్నా బాగా చెబుతుంది. మెయిన్ జెట్టు గురించి ఏమీ చెప్పదు.

గేజుపెట్టె

రీబోర్100 గారూ, ఏ థ్రాటిల్ దగ్గర ఏది పనిచేస్తుందో మనసులో పెట్టుకుని వెదకండి. మూసి ఉన్న దగ్గర్నుంచి ఎనిమిదో వంతు దాకా పైలట్ జెట్టు, ఎయిర్ స్క్రూ. అక్కడి నుంచి పావు దాకా స్లైడు (ఎక్స్‌లేటర్ తిప్పితే పైకి లేచే ముక్క) కింది కోత. పావు నుంచి ముప్పావు దాకా సూది, దాని క్లిప్పు. ముప్పావు దాటాకే మెయిన్ జెట్టు. హ్యాండిల్ గ్రిప్పు మీద, పక్కన స్విచ్‌ల డబ్బా మీద రంగు టేపు ముక్కలు అంటించి ఈ స్థానాలు గుర్తు పెట్టుకుంటే ఊహించుకోనక్కర్లేదు.

సూది క్లిప్పు ఒక గాడి కిందికి దించితే సూది పైకి లేస్తుంది, రిచ్. పైకి పెడితే లీన్. ఇది చాలామంది తిప్పి చెబుతారు.

స్క్రూ విషయంలోనూ అంతే. ఎయిర్ ఫిల్టరు వైపు ఉన్న స్క్రూ అయితే అది గాలిని అదుపు చేస్తుంది, విప్పితే లీన్. ఇంజన్ వైపు ఉన్నదైతే పెట్రోలు మిశ్రమాన్ని అదుపు చేస్తుంది, విప్పితే రిచ్. మీ వీఎం రకం కార్బురేటర్‌లో ఉన్నది ఎయిర్ స్క్రూ.

ఇప్పుడు మీ లక్షణం చూడండి. ఎక్స్‌లేటర్ వదిలాక ఇంజన్ దిగకపోవడం థ్రాటిల్ మూసి ఉన్నప్పటి జబ్బు. ఆ స్థితిలో మెయిన్ జెట్టుకి పనే లేదు. జెట్టు రెండు సైజులు కాదు, పది సైజులు పెంచినా అది పోదు.

పాతపానా

పంపు తీసేశారన్నారు కదా. ఆయిలు గొట్టం ఇన్‌టేక్ వైపు వచ్చి కలిసే చిన్న నిపిల్ ఒకటి ఉంటుంది. అది దేనితో మూశారు?

రీబోర్100

చిన్న రబ్బరు టోపీ తొడిగి ఉందండి.

పాతపానా

అక్కడ చూడండి. పెట్రోలు ఆవిరికి, వేడికి ఆ రబ్బరు గట్టిపడి చీలుతుంది. ఐడ్లింగ్‌లో లోపలి పీల్పు బలంగా ఉంటుంది గనక చిన్న చీలికలోంచి కూడా గాలి బాగా పోతుంది. ఫుల్ థ్రాటిల్‌లో పీల్పు తగ్గిపోతుంది, లీకు ప్రభావమూ తగ్గుతుంది. మీ లక్షణానికి సరిగ్గా అతుకుతుంది.

పరీక్ష తేలిక. ఇంజన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఉంచి, స్ప్రే సీసాతో మామూలు నీళ్ళు ఆ టోపీ మీద, మ్యానిఫోల్డు రబ్బరు చుట్టూ, సిలిండర్ అడుగు గ్యాస్కెట్ చుట్టూ ఒక్కో చోట కొంచెంగా కొట్టండి. ఎక్కడ కొడితే ఐడ్లింగ్ మారుతుందో అక్కడే లీకు. పెట్రోలు చల్లి చూసే వాళ్ళున్నారు, వేడి సైలెన్సర్ పక్కన ఆ పని వద్దు. ప్లగ్గు క్యాపు తడవకుండా చూసుకోండి, లేకపోతే ఇంజన్ తడబడి లీకు దొరికిందనుకుంటారు.

అక్కడ ఏమీ దొరక్కపోతే మాగ్నెట్ వైపు క్రాంకు సీలు. దాన్ని నీళ్ళతో పట్టలేం. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మూసేసి, సుమారు 0.4 బార్ గాలి ఎక్కించి, ఆరు నిమిషాలు నిలుస్తుందో లేదో చూడాలి. అంతకన్నా ఎక్కువ ఒత్తిడి పెడితే బాగున్న సీళ్ళు కూడా ఊడతాయి.

సూదిక్లిప్పు

లీకు తేలేదాకా ఫుల్ థ్రాటిల్‌లో లాగొద్దు, చాప్ కూడా వద్దు. పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు కనిపిస్తే అది నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) మొదలు. వెండిలా మెరిసే సన్నని పూసలు కనిపిస్తే అది మీ కొత్త పిస్టన్ అల్యూమినియమే కరిగి వచ్చి అంటుకోవడం. అప్పుడు రంగుల గురించి చర్చ అనవసరం, బండి ఆపి హెడ్డు విప్పాలి. తెల్లగా ఉండి, పైన గాజులా కరిగిన బొబ్బలు ఉన్నా అంతే. మామూలు తెలుపు మట్టిలా మెరుపు లేకుండా ఉంటుంది, ఈ తేడా భూతద్దంలో తెలుస్తుంది.

లీటరుకు 30 మి.లీ. సరిపోతుంది. భయపడి 50 చేయకండి. ఆయిలు పెరిగితే అదే జెట్టులోంచి పోయే పెట్రోలు ఆ మేరకి తగ్గుతుంది, మిశ్రమం లీన్ వైపే జరుగుతుంది.

రీబోర్100

నీళ్ళ పరీక్ష చేశాను. మ్యానిఫోల్డు దగ్గర, గ్యాస్కెట్ దగ్గర మార్పు లేదు. టోపీ మీద కొట్టగానే ఐడ్లింగ్ పడిపోయింది. తీసి వంచి చూస్తే కొసన చీలిక ఉంది. ఇంకో రబ్బరు టోపీ వేయాలా?

పాతపానా

వద్దు. మళ్ళీ ఆరు నెలలకి ఇదే. పెట్రోలు తట్టుకునే గొట్టం చిన్న ముక్క తొడిగి, దాని రెండో కొసలో ఇత్తడి గూటం దిగగొట్టి, రెండు వైపులా క్లిప్పులు వేయండి. లేదా నిపిల్ తీసేసి మరతో బిగించే ఇత్తడి బిరడా. ఆ తర్వాత నీళ్ళ పరీక్ష ఇంకోసారి.

గేజుపెట్టె

దాని తర్వాత ఎయిర్ స్క్రూ మళ్ళీ పెట్టుకోవాలి, లీకు ఉన్నప్పుడు పెట్టింది ఇప్పుడు పనికిరాదు. మెల్లగా ఆగేదాకా బిగించి (బలంగా కాదు, కొస అరుగుతుంది) ఒకటిన్నర చుట్లు విప్పండి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పి, ఐడ్లింగ్ ఎక్కడ ఎక్కువగా, నిలకడగా ఉందో అక్కడ వదిలేయండి. ఎక్కువైన ఐడ్లింగ్‌ని స్లైడు స్క్రూతో దించండి. అరచుట్టు కన్నా తక్కువలోనే కుదిరితే పైలట్ జెట్టు చిన్నదైంది, రెండున్నర దాటితే పెద్దదైంది.

రన్నింగ్ ఇన్ పూర్తయ్యాక, కనీసం 1000 కి.మీ. దాటాక, చాప్ చేసి మెయిన్ జెట్టు చూడండి. డిసెంబరు తెల్లవారుజామున ఒకసారి, మే మధ్యాహ్నం ఒకసారి చేస్తే వేర్వేరు ఫలితాలు వస్తాయి. 15 డిగ్రీల గాలి 45 డిగ్రీల గాలి కన్నా సుమారు పది శాతం చిక్కన, అంటే చలిలో లీన్ వైపు, ఎండలో రిచ్ వైపు. చలిలో సరిపోయిన జెట్టు ఎండాకాలం పిస్టన్‌ని పాడు చేయదు, తలకిందులైతే చేస్తుంది. అరకు లాంటి చోట, సుమారు 900 మీటర్ల ఎత్తులో, గాలి పలచబడి కాస్త రిచ్‌గా అనిపిస్తుంది. కిందికి దిగితే అదే సర్దుకుంటుంది, అక్కడ జెట్టు మార్చొద్దు.

జంటప్లగ్గు

ప్లగ్గులు అటూ ఇటూ మార్చి నడిపాను, నలుపు అదే చోట ఉండిపోయింది. క్యాపు 38 కిలో ఓమ్‌లు చూపించింది. కొత్తది వేస్తున్నా. నల్లబడిన ప్లగ్గుని ఉప్పు కాగితంతో రుద్ది మళ్ళీ వాడొచ్చా?

లాంబ్డా

ఉప్పు కాగితం ఎలక్ట్రోడ్ల మధ్య మాత్రం ఒకసారి తిప్పండి, పింగాణీని ముట్టుకోకండి. ఇనప తీగల బ్రష్షు అసలొద్దు, పింగాణీ మీద లోహపు గీతలు పడి కరెంటు వాటి వెంట జారిపోతుంది. గ్యాసు పొయ్యి మీద ఎర్రగా కాల్చే అలవాటు కూడా మానండి, పింగాణీ పగులుతుంది. కార్బ్ క్లీనర్ కొట్టి, మెత్తటి నైలాన్ బ్రష్షుతో తుడిచి, బాగా ఆరనిచ్చి వేయండి. క్యాపు మార్చాక మిగిలిన మసి ఒక వంద కిలోమీటర్లలో దానంతట అదే కాలిపోతుంది.

ఓరుగల్లు_గేరు

గివన్నీ ఇంజెక్షన్ బండ్లకు కూడా పనికొస్తయా?

లాంబ్డా

వేడి సంగతి, ఆయిలు సంగతి చదవడానికి పనికొస్తాయి. మిశ్రమం కంప్యూటర్ చేతిలో ఉంటుంది. అక్కడ ప్లగ్గు నల్లబడితే జెట్టు కోసం వెదకరు, మీటర్లో ఇంజన్ దీపం వెలుగుతోందా చూసి, కోడు చదివి, సెన్సర్లు, ఇంజెక్టరు, ఫిల్టరు వరసగా చూస్తారు.

గేజుపెట్టె

ప్లగ్గు తిరిగి బిగించేటప్పుడు: 14 మి.మీ. మర ప్లగ్గు, అల్యూమినియం హెడ్డు అయితే 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. టార్క్ పానా లేకపోతే, వేళ్ళతో ఆగేదాకా తిప్పి, కొత్త వాషర్ అయితే ఇంకో అరచుట్టు. వాషర్ ముందే నలిగి ఉంటే పన్నెండో వంతు చుట్టు చాలు. 10 మి.మీ. మర అయితే 10 నుంచి 12 న్యూటన్ మీటర్లే, పెద్ద పానాతో లాగితే మెడ తెగి మర లోపలే ఉండిపోతుంది. వదులుగా వదిలేసినా తప్పే: వేడి హెడ్డులోకి దిగదు, ప్లగ్గు కాలిపోయి తెల్లబడుతుంది, మళ్ళీ ఇక్కడికొచ్చి లీనా అని అడుగుతారు.